గురువారం పెరిగే బరువు

కంప్యూటర్ తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది. మరిత్ చేతిలోని కాఫీ తొణికి ఒళ్ళో పడింది.

వొబ్బె. ఎనభై రెండేళ్ళు. బలహీనమైన గుండె, దానికి తోడు షుగరు. నిన్న పొద్దున ఎనభై ఒక్క కిలోలు. ఇవాళ పొద్దున ఎనభై మూడు కిలోల మూడు వందల గ్రాములు.

రాత్రికి రాత్రి రెండు కిలోల పైన! అలాంటి గుండె ఉన్న మనిషి ఉన్నట్టుండి బరువెక్కాడంటే తిన్నది ఒంటబట్టిందని కాదు, ఒంట్లో నీరు చేరుతోందని. ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందా, ఇక అంబులెన్సే. అందుకే ఆయన రోజూ ఎనిమిదింటికి ఎక్కే బరువు మిషన్ ఆ అంకెని తనంతట తానే నర్సుల ఆఫీసుకి పంపిస్తుంది. రెండు కిలోలు దాటితే ఎర్ర గుర్తు. అది చూసి పరుగెత్తాల్సింది మరిత్. ఆ పేటలో దీర్ఘరోగాలున్న ముసలివాళ్ళ మందులూ, డాక్టర్లూ, సాయానికొచ్చే వాలంటీర్లూ అందరినీ ఒక తాటి మీద నడిపించే నర్సు ఆమే. మా ఇంట్లోనే ఉంటాం, మా మంచం మీదే పోతాం అనే ఆ ముసలి ప్రాణాల పట్టుదలకి పూచీ ఆమెది.

బయట వాన. ఆ సముద్రతీరపు ఫ్రీస్‌లాండ్‌లో వాన పై నుంచి పడదు, పక్క నుంచి కొడుతుంది. మరిత్ సైకిలెక్కి, ఎదురుగాలిని నాలుగు తిట్లు తిట్టి, కాలవ గట్టున ఉన్న వొబ్బె ఇంటికి పదిన్నరకల్లా చేరింది. నర్సుల కోసం గోడకి బిగించిన చిన్న పెట్టెకి నంబరు తిప్పి, లోపలి తాళంచెవి తీసి, తలుపు తెరిచింది. గుమ్మంలో తడిసిన కోటు ఒకటి, చెక్క బూట్ల జత ఒకటి. లోపల్నించి బఠాణీ సూపు వాసన.

వంటింట్లో ఎవరో పొడుగాటి కుర్రాడు గిన్నెలో గరిటె తిప్పుతున్నాడు.

"ఆగు! ఆ గరిటె కింద పెట్టు!"

వాడు ఎగిరిపడి గరిటెని కత్తిలా పట్టుకున్నాడు. "ఎవరు మీరు? దొంగా?"

"దొంగలు తాళంచెవితో వస్తారా?"

"తెలివైన దొంగలైతే అలాగే వస్తారు."

"నేను నర్సుని! ఆ గిన్నెలో ఏముంది?"

"సూపు."

"సూపులో?"

"బఠాణీలు."

"బఠాణీల్లో?"

"బఠాణీల్లో ఏముంటుందండీ, పప్పుంటుంది!"

"తెలివితేటలు ఆపు. పొగబెట్టిన సాసేజి వేశావా లేదా? అందులో ఎంతుప్పుంటుందో తెలుసా నీకు? ఆ మనిషి ఒంట్లోకి రాత్రికి రాత్రి రెండు లీటర్ల నీరొచ్చింది!"

"వేయలేదు. వాలంటీర్ల ఆఫీసువాళ్ళు ఉప్పు వద్దని కాగితమిచ్చారు. కాగితం చదవడం వచ్చు నాకు."

"మరి ఈ పొగ వాసనేమిటి?"

వాడు తన చొక్కా చెయ్యి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. "తారు. నేను పడవలకి తెరచాపలు కుట్టేవాణ్ణి. తారుకీ సాసేజికీ తేడా తెలీని ముక్కుతో రోగుల్నెలా చూస్తున్నారు సిస్టరమ్మా?"

ఆ మాటకి ముందుగదిలోంచి పెద్ద నవ్వు వినిపించింది. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. కిటికీ పక్క కుర్చీలో వొబ్బె కళ్ళు తుడుచుకుంటున్నాడు. మరిత్ నోరెళ్ళబెట్టింది. భార్య ఔక్యె పోయి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఈయన నవ్వడం ఆమె చూడలేదు.

"వీడు యెల్మర్ అమ్మా," అన్నాడు వొబ్బె. "బుధవారం సాయంత్రం నాతో డ్రాఫ్ట్స్ బిళ్ళలాట ఆడి ఓడిపోతాడు. గురువారం పొద్దునొచ్చి ఇల్లు సర్దుతాడు. నిన్న సాయంత్రమే మొదలు. పాపం, మొదటివారమే దొంగతనం అంటగట్టావు."

"దొంగ అన్నది ఇతనే నన్ను!"

మరిత్ ముసలాయన కాళ్ళు నొక్కి చూసింది. వాపు లేదు. గొట్టం పెట్టి ఊపిరి విన్నది. గరగర లేదు. వింతగానే ఉంది. కానీ అంకె అంకేగా! డాక్టరుకి ఫోన్ చేస్తే నీరు లాగే మాత్ర ఒకటి ఎక్కువ ఇమ్మన్నారు. మర్నాటికి ఎనభై ఒకటికి దిగింది. మాత్ర పనిచేసిందని ఆఫీసులో అందరూ సంతోషించారు.

పై గురువారం మళ్ళీ ఎర్ర గుర్తు.

"ఏం పెట్టావు నిన్న రాత్రి?" గుమ్మంలోంచే అడిగింది మరిత్.

"ఒక బిస్కెట్."

"ఒక్కటేనా?"

"మన ఊళ్ళో రెండో బిస్కెట్ ఎవరైనా పెడతారా సిస్టరమ్మా? డబ్బా తెరవడం, ఒకటి ఇవ్వడం, టక్కున మూత పెట్టడం. మా అమ్మ పెంపకం."

"నమ్మను."

"అయితే డబ్బాలో లెక్కపెట్టుకోండి."

ఆమె నిజంగానే లెక్కపెట్టింది. లెక్క సరిగ్గానే ఉంది, దాంతో ఆమెకి ఇంకా ఒళ్ళుమండింది. కుర్చీలో ముసలాయన మీసాల్లో నవ్వుకుంటూ కాలవ వైపు చూస్తున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఎదురుగా ఉన్న ఆ వంతెన మీదే ఆయన ఉద్యోగం. పడవలొస్తే వంతెన ఎత్తడం, వెళ్ళాక దించడం. అప్పట్లో తిప్పిన ఇనుప పిడి ఇప్పటికీ పొయ్యి పక్కన గోడకి వేలాడుతూ ఉంటుంది.

మూడో గురువారం, ఎర్ర గుర్తు. గబగబా వస్తూంటే గేటు మేకుకి తగిలి మరిత్ వానకోటు బర్రున చిరిగింది. యెల్మర్ ఏమీ అనకుండా దాన్ని తీసుకుపోయాడు. నాలుగో గురువారం తిరిగి ఇచ్చాడు. చిరుగున్న చోట తెరచాప గుడ్డ అతికి, మైనం రాసిన దారంతో సన్నటి కుట్టు వేసి ఉంది.

"పడవ మునిగినా ఈ కుట్టు ఊడదు," అన్నాడు.

"నేనేమన్నా పడవనా?"

"వచ్చేటప్పుడు చూస్తే అలాగే ఉంటారు. తెరచాప విప్పుకుని, ఎదురుగాలిని తిట్టుకుంటూ."

నవ్వకూడదనుకుంది. నవ్వేసింది. ఆ వారమంతా వాన రాకపోయినా ఆ కోటే వేసుకుని తిరిగింది.

ఐదో గురువారం పొద్దున ఎర్ర గుర్తు చూడగానే చెయ్యి దానంతటదే దువ్వెన మీదికి పోయింది. అద్దంలో తన మొహం చూసుకుని మరిత్ ఉలిక్కిపడింది. ఛీ! రోగి బరువు పెరిగితే నర్సు తల దువ్వుకోవడమేమిటి! సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా దువ్వుకునే వెళ్ళింది.

ఐదుసార్లు ఎర్ర గుర్తు పడ్డాక డాక్టరు ఊరుకోరుగా! రోజువారీ మాత్రలే పెంచేశారు. కాగితం మీద మరిత్ సంతకం చేసింది.

ఆరో గురువారమూ అంతే. శుక్రవారం తెల్లవారాక వొబ్బె మణికట్టుకున్న అలారం మోగింది.

వెళ్ళేసరికి ఆయన వంటింటి నేల మీద ఉన్నాడు. కనుబొమ్మ చిట్లి రక్తం. పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. బీపీ చూస్తే పాతాళంలో ఉంది. "లేచి నిలబడ్డానమ్మా... గది గిర్రున తిరిగింది," అన్నాడు గొణుక్కుంటూ. మరిత్ గబగబా డాక్టరుకి ఫోన్ చేసింది. డాక్టరమ్మ వచ్చి మూడు కుట్లు వేసి, బొట్టుబొట్టుగా నీళ్ళు తాగించి, పడుకోబెట్టి వెళ్ళింది.

కబురు తెలిసి యెల్మర్ పరుగెత్తుకొచ్చాడు. చొక్కా కాలరుకి సూది గుచ్చే ఉంది.

"తాత ఎలా ఉన్నాడు?"

భయమంతా కోపమై వాడి మీద పడింది. "నన్నడుగుతావేం? ఏం పెట్టావో నువ్వు చెప్పు! ప్రతి బుధవారం రాత్రీ ఏదో పెడుతున్నావు, ప్రతి గురువారం పొద్దునా ఈయన ఒళ్ళు నీళ్ళకుండవుతోంది!"

"ఉప్పు లేని సూపు, ఒక్క బిస్కెట్. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అంకెలు అబద్ధమాడవు యెల్మర్!"

"ఓహో. అబద్ధాలాడేది నేనొక్కణ్ణేనన్నమాట."

"రేపట్నించి నువ్వు రాకు. మీ ఆఫీసుకి నేను చెబుతాను."

వాడు ఒక్క క్షణం ఆమె వైపే చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, లోపల పడుకున్న ముసలాయన పాదాల మీద దుప్పటి సర్ది, వానలోకి వెళ్ళిపోయాడు. కుట్టిన వానకోటు కొక్కేనికి వేలాడుతూ ఉంది. మరిత్ ఆ రోజు దాన్ని వేసుకోలేక తడుస్తూనే ఆఫీసుకి వెళ్ళింది.

మంగళవారం డాక్టరు హిల్‌కెమా గదిలో మీటింగు. బల్ల చుట్టూ నలుగురు. అరవై దాటిన డాక్టరమ్మ, ఫిజియో చేయించే సీప్, ఇన్సూరెన్స్ తరఫున వచ్చిన ఆన్నెమీక్, మరిత్. విషయం ఒక్కటే. వొబ్బెని ఇంట్లో ఉంచాలా, నర్సింగ్ హోముకి పంపాలా? నలభై కిలోమీటర్ల దూరంలో ఒక గది ఖాళీ అయింది. సాయంత్రం నాలుగింటిలోగా ఔననో కాదనో చెప్పాలి. వొబ్బెకి ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మరిత్, ఆమెకి నోరు రాలేదు.

"బరువు నిలకడగా లేదు, పైగా పడ్డారు," అంది ఆన్నెమీక్. "ఒంటరి మనిషి. కష్టమే."

డాక్టరమ్మ గోడ మీద ఆరువారాల బరువు గీతని చూస్తోంది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"మరిత్, ఈ ఎత్తులన్నీ ఏ వారం?"

"గురువారం."

"అన్నీనా?"

"ఆరూ."

"గుండెకి వారాలు తెలీవమ్మా. నలభై ఏళ్ళ నుంచి చూస్తున్నాను, గురువారం మాత్రమే చెడిపోయే గుండెని ఒక్కదాన్నీ చూడలేదు. ఇదిగో, మిగతా రోజులు చూడు. ఎనభై ఒకటి, ఎనభై, డెబ్భై తొమ్మిది... దిగిపోతోంది. ఆయన ఒంట్లో నీరు చేరడం లేదు. మనమే మాత్రలేసి ఆయన్ని ఎండబెట్టేశాం. అందుకే పడ్డాడు."

ఆ మాత్రలు మరిత్ తన చేత్తోనే ఇచ్చింది. అంకెలు అబద్ధమాడవని ఒక మనిషి మొహం మీద అరిచింది.

"గురువారం ఆ ఇంటికి ఎవరొస్తారు?" అడిగింది డాక్టరమ్మ.

"వాలంటీరు. యెల్మర్ అని."

"ఇంకా?"

"ఇంకెవరూ రారు."

"నువ్వో?"

"నేనా... నేను ఎర్ర గుర్తొస్తేనే కదా..."

సీప్ తల వంచుకున్నాడు గానీ భుజాలు ఊగుతున్నాయి.

"ఏమిటి సీప్? నవ్వే సంగతా ఇది?"

"కాదు, కాదు. ఒక్క మాటడుగుతాను, కోప్పడకు. ఆ ఇంట్లో నువ్వెప్పుడూ టాయ్‌లెట్‌కి వెళ్ళలేదా?"

"అదేం ప్రశ్న!"

"చెప్పు."

"వెళ్ళను. ఏ రోగి ఇంట్లోనూ వెళ్ళను. నా పద్ధతి అది. ఆఫీసుకొచ్చాకే."

"అదీ సంగతి!" సీప్ నుదురు కొట్టుకున్నాడు. "వెళ్ళి ఆ టాయ్‌లెట్‌లో వేలాడే పుట్టినరోజుల క్యాలెండరు ఒకసారి చూడు తల్లీ. జూన్ నెల."

ఆన్నెమీక్ కళ్ళు పెద్దవి చేసింది. "అంటే... ఈ అమ్మాయికి తెలీదా? పోయిన నెల వెళ్ళినప్పుడు నేనూ చూశాను. ఇవాళ మీటింగు అయ్యాక శుభాకాంక్షలు చెబుదామనుకుంటున్నాను!"

"నేను ఎవరో బంధువుల పిల్లలనుకున్నాను," అంది డాక్టరమ్మ తాపీగా. "వెళ్ళు మరిత్. నాలుగింటిలోగా నాకు అసలు బరువు కావాలి."

సైకిల్ ఎలా తొక్కిందో ఆమెకే తెలీదు.

ఇంట్లో వొబ్బె కుర్చీలో కునుకుతున్నాడు. మరిత్ సరాసరి టాయ్‌లెట్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది.

అందరిళ్ళలో ఉన్నట్టే ఇక్కడా ఉంది, కూర్చుంటే కళ్ళకెదురుగా, మేకుకి వేలాడే పుట్టినరోజుల క్యాలెండరు. ఔక్యె అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, వొబ్బెవి వంకరగా. ఔక్యెకి ఒక పద్ధతి ఉండేదని ఇంటికొచ్చేవాళ్ళందరికీ తెలుసు. కుదరబోయే పెళ్ళి, పుట్టబోయే బిడ్డ, ఇలాంటివి ముందు పెన్సిలుతో రాసేది. ఖాయమయ్యాక సిరాతో దిద్దేది. ఆ పెన్సిలు ఇంకా దారానికి వేలాడుతూనే ఉంది, తోకన రబ్బరుతో సహా.

జూన్ తిప్పింది. పద్నాలుగో తారీఖు. వంకర అక్షరాలు. పెన్సిలు.

యెల్మర్ + మరిత్, పెళ్ళి.

మరిత్ మూత మీద కూలబడింది. సీప్ చూశాడు. ఆన్నెమీక్ చూసింది. డాక్టరమ్మ చూసింది. ఇల్లు తుడిచే ఆమె, పక్కింటివాళ్ళు, గ్యాసు మీటరు చూసేవాడు... ఊరందరికీ తెలిసిన పెళ్ళి పెళ్ళికూతురికి తెలీదు! చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. కానీ సిగ్గు పడటానికి టైము లేదు, నాలుగవుతోంది.

బయటికొచ్చి ఆయన్ని తట్టి లేపింది. "వొబ్బె గారూ, లేవండి. బరువు చూడాలి."

ఆయన కళ్ళు నలుపుకున్నాడు. "ఇప్పుడా? ఇవాళ మంగళవారం కదా!"

అని నాలుక్కరుచుకున్నాడు.

మరిత్ నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. ముసలాయన కాలవ వైపు చూశాడు, చెప్పుల వైపు చూశాడు, చివరికి పొయ్యి పక్కన వేలాడుతున్న ఇనుప పిడి వైపు చూశాడు. ఆమె చూపు కూడా ఆయన చూపు వెంటే వెళ్ళింది.

"అదా?" అంది. "ఆ ఇనుప పిడి పట్టుకుని మిషనెక్కారా?"

"రెండు కిలోల వంద గ్రాములు," అన్నాడాయన బుద్ధిమంతుడిలా. "వంటింటి త్రాసులో తూచాను. నీ ఎర్ర గుర్తుకి సరిగ్గా సరిపోతుంది."

"దేవుడా!"

"మొదటిసారి మాత్రం పొరపాటేనమ్మా, ఒట్టు. వానలో బాతులకి రొట్టె వేసొచ్చి, తడిసిన కోటూ చెక్క బూట్లూ విప్పకుండానే ఎక్కేశాను. నువ్వు పరుగెత్తుకొచ్చావు. సాసేజి గురించి మీరిద్దరూ పోట్లాడుకున్నారు. ఔక్యె పోయాక ఈ ఇంట్లో అంత గొడవ జరగలేదు. ఎంత బాగుందో! మళ్ళీ వినాలనిపించింది. మూడో వారానికి వాడు నీ కోటు పట్టుకెళ్ళిన తీరు చూశాను. నా అంచనా తప్పలేదనుకున్నాను."

"మాత్రలు? నేనిచ్చిన మాత్రలు ఏం చేశారు?"

"మింగాను."

"మింగారా!"

"నువ్వు చేత్తో ఇస్తే పారేయడం మర్యాదేనా? పైగా అనుమానమొస్తుంది కదా."

అప్పుడు మరిత్ ఏడ్చింది. నిలబడినచోటే, చిన్నపిల్లలా ఏడ్చింది. "చచ్చిపోయేవారు తెలుసా? లేని నీటిని లాగేసే మాత్రలవి! మీరు పడింది ముసలితనంతో కాదు, నా చేతి మాత్రలతో! నా చేతుల్తో నేనే మిమ్మల్ని చంపేసేదాన్ని! ఇంకాసేపు ఆగితే మిమ్మల్ని ఈ ఇంట్లోంచి నర్సింగ్ హోముకి పంపించేస్తున్నారు. గది కూడా చూశారు!"

వొబ్బె మొహంలో రంగు పోయింది. ఆయన నెమ్మదిగా కిటికీ వైపు తిరిగాడు. కాలవా, వంతెనా వానలో మసగ్గా కనబడుతున్నాయి.

"అంటే, నా వంతెన నేనే ఎత్తేసుకున్నానన్నమాట," అన్నాడు. "నాకు తెలీదమ్మా. ఒక అంకె ఇంత దూరం పోతుందని నాకు తెలీదు."

ఆమె కళ్ళు తుడుచుకుని ఆయన్ని లేపింది. చొక్కా, లాగు మీద మిషనెక్కించింది. డెబ్భై ఎనిమిది కిలోల నాలుగు వందలు. పిడి చేతికిచ్చింది. ఎనభై కిలోల ఐదు వందలు. అక్కణ్ణించే డాక్టరుకి ఫోన్ చేసింది. ఒక్క ముక్కా దాచలేదు. ఆరువారాల్లో ఒక్కసారైనా ఆయన మిషనెక్కడం తాను కళ్ళారా చూడలేదనీ, తప్పు తనదేననీ, అలాగే రాసుకోమనీ చెప్పింది.

అవతల డాక్టరమ్మ నిట్టూర్చింది. "నా తప్పూ రాసుకుంటాను. నేను కూడా అంకెకే మందిచ్చాను, మనిషికివ్వలేదు. మాత్రలు పాత లెక్కకి తీసుకురా. నీళ్ళు తాగించు. రెండు వారాలు ఎవరో ఒకరు దగ్గరుండి తూచాలి. ఆ గది అవసరమైనవాళ్ళకి ఇచ్చేయమని ఆన్నెమీక్‌కి చెబుతాను. ఇంతకీ జూన్ చూశావా?"

"చూశాను," అని మరిత్ ఫోన్ పెట్టేసింది.

ఇంకో ఫోన్ చేయాలి. అది దీనికంటే కష్టం. మూడుసార్లు నంబరు నొక్కి మూడుసార్లు కొట్టేసింది.

"యెల్మర్? నేను... మరిత్‌ని. తప్పు చేశాను. రాగలవా?"

పది నిమిషాల్లో వచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇనుప పిడి సంగతి విని గోడకి జారగిలబడిపోయాడు.

"తాతా! నేను నీకు ఉప్పు లేని సూపు పోశాను, నువ్వు నాకు ఉద్యోగం ఊడగొట్టావు!"

"జీతం లేని ఉద్యోగానికి అంత గోలెందుకురా?" అన్నాడు వొబ్బె. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

మరిత్ ముందుకొచ్చింది. "నిన్ను అబద్ధాలకోరు అన్నాను. నువ్వు ఒక్క అబద్ధమూ ఆడలేదు. క్షమించు."

"క్షమించాను సిస్టరమ్మా."

"అలా పిలవకు."

"మరి ఎలా పిలవను?"

"పేరుంది కదా. టాయ్‌లెట్‌లో కూడా రాసి ఉందిగా."

యెల్మర్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "చూశావా?"

"ఇవాళే. నువ్వెప్పుడు చూశావు?"

"రెండో గురువారం."

"ఇన్నాళ్ళూ చెప్పలేదే!"

"ఏమని చెప్పను? మన పెళ్ళి తాతగారి టాయ్‌లెట్‌లో కుదిరిందనా? నువ్వు అప్పటికే నా బిస్కెట్లు లెక్కపెడుతున్నావు!"

"పోనీ చెరిపేయొచ్చుగా. పెన్సిలుకే రబ్బరుంది."

"చెరుపుదామనే వెళ్ళేవాణ్ణి. ప్రతి గురువారం పట్టుకునేవాణ్ణి ఆ పెన్సిలు." వాడు నేల చూపులు చూస్తున్నాడు. "చెయ్యి రాలేదు. అయినా ఏం తారీఖు పెట్టాడో చూడు, ఆదివారం పెళ్ళేమిటి, టౌన్‌హాలు కూడా తీయరు..."

"ఆదివారమా?"

"ఊఁ, పద్నాలుగు."

మరిత్ ఒక్కో అడుగే వేస్తూ దగ్గరికొచ్చింది. "యెల్మర్, పుట్టినరోజుల క్యాలెండర్లో వారాలుండవు. తారీఖులే ఉంటాయి."

వాడు తడి జుట్టు వెనక్కి తోసుకున్నాడు.

"అంటే ఇంటికెళ్ళి వేరే క్యాలెండర్లో చూసుకున్నావన్నమాట. పద్నాలుగు ఏ వారమా అని."

"ఏదో, ఊరికే..."

"టౌన్‌హాలు తీసి ఉంటుందా అని కూడా."

"ఔను చూశాను!" అన్నాడు వాడు తల ఎత్తి. "చూశాను. నువ్వంటే ఇష్టం మరిత్. తారు వాసనని సాసేజి అన్నావే, ఆ నిమిషం నుంచి ఇష్టం. శుక్రవారం నువ్వు వెళ్ళిపొమ్మన్నాక నాలుగు రోజులు ఒక్క కుట్టూ తిన్నగా పడలేదు. ఇప్పుడు మళ్ళీ వెళ్ళిపోమంటావా?"

బయట గట్టు మీద ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ వెళ్ళారు. మరిత్ గిర్రున తిరిగి టాయ్‌లెట్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది.

యెల్మర్ మొహం వేలాడేశాడు. "చెరిపేస్తోంది తాతా."

"నోర్మూసుకో. వినబడనీ."

రబ్బరు రుద్దుతున్న చప్పుడు వినిపించింది. ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కాసేపు ఏ చప్పుడూ లేదు. తలుపు తెరుచుకుంది. మరిత్ ఎవరి వైపూ చూడకుండా వంటింట్లోకి పోయి, గ్లాసులో నీళ్ళు నింపుతూ నిలబడింది.

వొబ్బె కర్ర పట్టుకుని ఆత్రంగా లోపలికి వెళ్ళాడు. ఒక్క నిమిషం. లోపల్నించి కేక.

"పన్నెండు! ఒరేయ్, పన్నెండుకి మార్చింది!"

"శుక్రవారం," అంది మరిత్ వంటింట్లోంచి, కొళాయి వైపే చూస్తూ. "ఫోన్లో చూశాను. టౌన్‌హాలు తీసే ఉంటుంది."

యెల్మర్ రెండంగల్లో వంటింట్లో ఉన్నాడు. ఆ గ్లాసులో నీళ్ళు ఎంతసేపు పొంగి పొర్లాయో ఇద్దరికీ తెలీదు.

వొబ్బె గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "పద్నాలుగు నేను ఔక్యె చెయ్యి పట్టుకున్న రోజు. సరేలే, పన్నెండూ మంచిరోజే. సిరా బుడ్డి తెమ్మంటావా?"

"తొందరెందుకు తాతా," అంది మరిత్ యెల్మర్ భుజం మీంచి. ఇన్నేళ్ళలో ఆయన్ని తాతా అని పిలవడం అదే మొదటిసారి, అది ఆ ముగ్గురికీ తెలిసింది. "ముందు మీ బరువు నిలబడనివ్వండి. అంతవరకూ పెన్సిలే. ఆ ఇనుప పిడి ఇటివ్వండి, మా ఆఫీసులో తాళం వేసి పెడతాను."

"వంతెన వాడి దగ్గర పిడి లాక్కుంటావా?"

"లాక్కుంటాను."

"తీసుకుపో. మీకోసం వంతెన దించేశానుగా, ఇక దానితో పనేముంది."

పై గురువారం పొద్దున ఎనిమిదింపావుకి మరిత్ కంప్యూటర్ ముందు కూర్చుంది. వొబ్బె, డెబ్భై తొమ్మిది కిలోల ఆరు వందలు; యెల్మర్ దగ్గరుండి తూచాడు. నీరు తాగుతున్నాడు, మెల్లగా తేరుకుంటున్నాడు. ఎర్ర గుర్తు లేదు. పరుగెత్తి వెళ్ళాల్సిన పనేమీ లేదు.

తల దువ్వుకుని, కుట్టిన వానకోటు తొడుక్కుని, సైకిలెక్కింది.